ఆండాలమ్మ సముద్రం, బిక్షపతి బోణీ

“ఇమానం సముద్రంల పడితే ఇద్దరం ఒక్కసారే పోతం గద బిడ్డా. మరి దుకాణం తాళాలు యాడ పెట్టినమో ఎవరికి తెలుస్తది?”

మెట్ల మీద నన్ను ఆపి బిక్షపతి అంకుల్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. చావు విషయంలో ఆయనకు పెద్దగా అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు. తాళాల సంగతే తేలలేదు. కూతురు స్పందనకు ఇచ్చి వెళ్లమన్నాను. ఆమెకు షట్టరు ఎత్తడం రాదన్నాడు. ఇక నేను నా భయాలు చెప్పడం మొదలుపెట్టాను. జెల్లీ చేపలు, ఇసుక ఈగలు, కాళ్ల కింద నుంచి వెనక్కి లాగే అలలు, ఎండదెబ్బ, అండమాన్ దీవిలో దవాఖాన ఎంత దూరమో తెలియకపోవడం. ఆయన శ్రద్ధగా అంతా విని, “గివన్ని మన ప్యాకేజీల ఉన్నయా?” అని అడిగాడు.

కొత్తపేటలో వాళ్ల ఇంటి పై అంతస్తులో మేం కిరాయికి ఉంటాం. నేను మైక్రోబయాలజీ చదివాను. ఎల్బీనగర్‌లో ఒక ల్యాబులో పని. మాకు నాలుగేళ్ల పాప. అంకుల్ లెక్కలో సైన్సు చదివినవాళ్లకు గీజరు నుంచి గ్రహణం దాకా అన్నీ తెలిసి ఉండాలి. అందుకే అండమాన్‌లో తామిద్దరూ ఏ పూట ఏం చేయాలో రాసిపెట్టే పని నాకు అప్పజెప్పాడు.

వెళ్లాలన్న కోరిక మాత్రం ఆయనది కాదు, ఆయన భార్య ఆండాలమ్మది. నిజానికి ఆమె అండమాన్ అన్న మాట కూడా ఎత్తలేదు. సముద్రం అంది, అంతే.

ఆండాలమ్మ పోచంపల్లి దగ్గర ఒక చేనేత ఇంట్లో పుట్టింది. పెళ్లయ్యేదాకా ఆసు పోసింది. చీర నేయకముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పోవాలి, అదే ఆసు. ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు ఊగుతుంది. పెళ్లయ్యాక భర్తతో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి చీరల దుకాణం పెట్టుకున్నారు. ఇక చేతికి సుఖం దొరికినట్టే అనుకుందట. దుకాణంలో ఆయన చీరలు విప్పేవాడు, ఆమె మడిచేది. ఒక్క చీర కొందామా వద్దా అని వచ్చిన ఆడవాళ్ల ముందు ఆయన ఉత్సాహంగా బీరువా మొత్తం పరిచేవాడు. వాళ్లు “మళ్లొస్తం” అని లేచిపోయాక ఆమె బీరువా మొత్తం మడిచేది. ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఆయన ఏదో ఒక మాట విప్పి నడింట్లో పరుస్తాడు, ఆమె దాన్ని మడిచి లోపల పెడుతుంది. వాళ్ల కాపురం ఇంతకాలం నిలిచింది ఇందువల్లేనని మా గల్లీలో అందరి నమ్మకం.

సముద్రం ఆమె చూడనిదేమీ కాదు. రెండుసార్లు చూసింది, రెండుసార్లూ తీర్థయాత్రల బస్సులో వెళ్లే. రామేశ్వరంలో ఇద్దరు ఆడబిడ్డలు చెరో రెక్క పట్టుకుని ఒడ్డున కూర్చోబెట్టి, చెంబుతో సముద్రాన్ని తెచ్చి నెత్తిన పోశారు. పూరీలో తోడికోడలు కొంగు పట్టుకుంది. చెంబు మాత్రం అదే. అన్ని నీళ్లున్న చోట కూడా తన స్నానం ఇంటి వెనక నల్లా దగ్గర జరిగినట్టే జరిగిందని ఆమె నాతో చాలాసార్లు అంది.

పోయినేడు ఆమె ఎడమ మోకాలు మార్పించారు. ఎండాకాలం రాకముందే కుడిదీ మార్చాలని డాక్టరు చెప్పాడు. ఆ రోజు దవాఖాన నుంచి వచ్చి, ఆటో దిగి, గేటు పట్టుకుని నిలబడి ఆమె మొదటిసారి తనకంటూ ఒక కోరిక చెప్పింది.

“ఒక్క మోకాలన్న నాది నాకుండంగ సముద్రంల నడుములోతు నిలవడి ఒస్త. నన్నెవ్వరు పట్టుకోవద్దు.”

ఇంతే. దీనికి ఒక రైలు టికెట్టు, ఒక పాత నూలు చీర చాలు. కానీ ఇంత చిన్న కోరిక ఇంతమంది మంచివాళ్ల మధ్య ఇంత చిన్నగానే ఎలా మిగులుతుంది?

చీరల వ్యాపారికి సెలవంటే మూఢమే. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, పెళ్లిళ్లు లేకపోతే పట్టుచీర కదలదు. శుక్రుడు సూర్యుడి చాటుకు పోతేనే దిల్‌సుఖ్‌నగర్ వ్యాపారులు ఊరు దాటుతారు. శుక్రుడికీ పట్టుచీరకూ సంబంధం నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు గానీ, గల్లాపెట్టెలో చెయ్యి పెడితే తెలిసిపోతుందట. మూఢంలో మంచిపని మొదలుపెట్టకూడదు గదా అని స్పందన సందేహపడింది. సముద్రంలో దూకడం మంచిపని అని ఎవడన్నాడని అంకుల్ తేల్చేశాడు.

ఆయన చేసిన పొరపాటు ఒక్కటే. విశాఖకు టికెట్లు ఎట్లా దొరుకుతాయో కనుక్కుందామని, దుకాణం తెరవకముందే, మెట్రో స్తంభం ఎదురుగా ఉన్న ఒక ట్రావెల్ ఆఫీసులోకి వెళ్లాడు. అప్పుడే ఊడ్చి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించి, దాని యజమాని త్రినాథరావు కుర్చీలో కూర్చోబోతున్నాడు. లోపల అడుగు పెట్టాక గానీ అంకుల్‌కు తెలియలేదు, ఆ రోజుకు తానే మొదటి బేరమని.

మొదటి బేరం ఒట్టిచేతులతో వెళ్లిపోతే ఆ దుకాణం రోజంతా ఎండిపోతుందని ఆయన గట్టిగా నమ్ముతాడు. తన దుకాణంలో పొద్దున్నే వచ్చిన మనిషికి లాభం లేకపోయినా సరే, ఒక చీర చేతిలో పెట్టి గానీ పంపడు. అలాంటివాడు సాటి వ్యాపారి బోణీ చెడగొట్టి బయటికి రాగలడా? చిన్న వస్తువేదైనా ఉంటే కొని మర్యాద దక్కించుకుందామని చుట్టూ చూశాడు. ట్రావెల్ ఆఫీసులో చిన్న వస్తువులు ఉండవు. గోడల మీద దీవులు ఉన్నాయి.

త్రినాథరావుది కాకినాడ. మాట తేనె. “వైజాగ్‌లో సముద్రం ఒక్కవైపేనండి. ఇన్నేళ్లకి బయల్దేరి, అమ్మగారికి ఒక్కవైపు చూపించి తీసుకొచ్చేస్తారా? దీవి అయితే నాలుగువైపులా ఉంటుందండి,” అన్నాడు. నాలుగువైపులా అంచున్న చీరను ఎవరో తన ముందు పరిచినట్టు అనిపించింది అంకుల్‌కు. అడ్వాన్సు కట్టేసి వచ్చాడు.

ప్యాకేజీ పేరు ‘సిల్వర్ జోడీ’. అందులో తాడు కట్టి గాల్లో ఎగరేసే పారాసెయిలింగ్ ఉంది. నెత్తిన హెల్మెట్ పెట్టి సముద్రం అడుగున నడిపించే సీవాక్ ఉంది. అద్దం అడుగున్న పడవ, జెట్‌స్కీ, కొవ్వొత్తుల వెలుగులో భోజనం, జంట ఫొటోలు ఉన్నాయి. ఆండాలమ్మ నాతో మొత్తం చదివించుకుని వింది. సముద్రం మీద ఉంది, సముద్రం కింద ఉంది, సముద్రం పక్కన ఉంది. “సముద్రంల ఎప్పుడు?” అని అడిగింది. మళ్లీ మొదటినుంచి చూశాను. ఎక్కడా సందు లేదు.

మర్నాడు పొద్దున అంకుల్ పారాసెయిలింగ్ తీసేయించడానికి వెళ్లాడు. మళ్లీ అగరుబత్తి పొగ, మళ్లీ తనే మొదటి బేరం. పొద్దున్నే ఒక వ్యాపారి మొహం మీద “వద్దు, తీసెయ్” అనడానికి ఆయనకు నోరు రాలేదు. పారాసెయిలింగ్ అట్లాగే ఉంచి, చీకట్లో పడవ నడిపే కయాకింగ్ తగిలించుకుని వచ్చాడు. జెట్‌స్కీ వద్దని చెప్పడానికి వెళ్లి ఒళ్లు మర్దన తెచ్చాడు. కొవ్వొత్తుల భోజనం వద్దనడానికి వెళ్లి, ఆ భోజనం పక్కన నిలబడి గిటారు వాయించే మనిషిని తెచ్చాడు. సాయంత్రం పూట వెళితే ఈ గొడవ ఉండదు కదా అన్నాను. సాయంత్రం దుకాణం ఎవరు చూస్తారన్నాడు. మూఢంలో దుకాణంలో చూడనీకి ఏమున్నదని ఆండాలమ్మ అడిగింది. ఆయన షట్టరు తాళాలు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఇక నా వంతు. నేను కంప్యూటర్‌లో పట్టిక తయారుచేశాను. పొద్దుటి బీపీ మాత్ర నుంచి రాత్రి దోమల క్రీము దాకా రంగులు వేసి గడులు కట్టాను. ప్రతి పని పక్కన ‘ప్రమాదం’ అని ఒక గడి, దాని పక్కన ‘జాగ్రత్త’ అని ఇంకొకటి. ప్రమాదం గడి ఒక్కటీ ఖాళీ పోలేదు. ఇసుకలో కూర్చోవడానికి కూడా నాకు మూడు దొరికాయి. ‘సముద్రంలో నిలబడటం’ అని చివర ఒక వరుస చేర్చాను. దానికి ఎన్ని ప్రమాదాలు తేలాయంటే, ఆ ఒక్క వరుసే తక్కిన పట్టికంత పొడుగైంది. వెంటనే దాన్ని ‘వీలైతే, చీలమండ లోతు, చెయ్యి పట్టుకుని’ అని మార్చేశాను. కాగితం అంకుల్‌కు ఇచ్చాను. ఆయన దాన్ని నాలుగు మడతలు వేసి, కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ పరీక్షకైనా కోచింగ్ దొరుకుతుంది. సముద్రానికి దొరకదు కాబట్టి ఎల్బీనగర్ నుంచి స్పందన వచ్చి ఆదివారం డాబా మీద తనే మొదలుపెట్టింది. నీళ్ల తొట్టిలో మొహం ముంచి గొట్టంతో ఊపిరి తీయాలి. అంకుల్ మొహం ముంచాడు, ముంచి మాట్లాడబోయాడు. దగ్గు ఆగేసరికి టిఫిన్ వేళ అయింది. తర్వాత జంట ఫొటోలకు చేతులు బారచాపి నిలబడటం నేర్పింది. ఆయన కుడిభుజం సగంలో పట్టేసింది. చిలకల బొమ్మలున్న చొక్కా ఆయనకు, అవే చిలకలున్న కుర్తా తల్లికి తెచ్చింది. ఆయన అన్నీ విప్పి చూశాడు. ఆండాలమ్మ కుర్చీలో కూర్చుని అన్నీ మడిచింది. మడుస్తూ నన్ను చూసి, మీ ఎమ్మెస్సీకి కూడా ఇంత చదివి ఉండరేమో, తను సముద్రానికి పోతోందా ఉద్యోగానికి పోతోందా అని అడిగింది. నేను సన్‌స్క్రీన్ ఎంత మందాన రాయాలో చెబుతున్నాను, మధ్యలో ఆపలేదు.

ఆ మర్నాడు పొద్దున ఆమె నన్ను తోడు రమ్మని తనే ట్రావెల్ ఆఫీసుకు బయల్దేరింది. గేటు దగ్గర అంకుల్ ఒక్కటే బతిమాలాడు, త్రినాథరావు బోణీ మాత్రం చెడగొట్టొద్దని. చెడగొట్టనని మాటిచ్చింది.

మెట్లెక్కి, ఊపిరి తీసుకుని, కుర్చీలో కూర్చుంది. “అయ్యా, బోణీ నేనే జేస్త. నాకొక పూట గావాలె,” అంది.

“దేనికమ్మా? ఏ యాక్టివిటీ?”

“ఏం లేని పూట.”

త్రినాథరావు కంప్యూటర్‌లో నిజంగానే వెతికాడు. అలాంటిది లేదు. మర్యాదస్తుడు కాబట్టి ఒట్టిగా లేదనలేదు, సూర్యోదయం యోగా చూపించాడు. కాదంది. మడ అడవుల్లో పక్షులు చూపించాడు. అది కూడా పక్కకు జరిపించింది. జీవితమంతా చీరల దుకాణం గద్దె మీద కూర్చున్న మనిషి ఆమె, ఎదురుగా చాప మీద కూర్చునే ఆడవాళ్లను ఊరికే చూడలేదు. తల అడ్డంగా ఊపుతూ, ఏదీ ముట్టుకోకుండా, ఇది కాదు ఇంకోటి చూపించు, దాని కిందిది చూపించు అంటూ పోయింది. అగరుబత్తి అయిపోయింది. త్రినాథరావు నుదురు తుడుచుకున్నాడు. గిటారు మనిషి పోయాడు, చీకటి పడవ పోయింది, మర్దన, జెట్‌స్కీ పోయాయి. వాటి స్థానంలో హావ్‌లాక్ దీవిలో ఒక పొద్దుటి పూట మొత్తం ఖాళీగా దొరికింది. దానికి ఆయన ‘ప్రైవేట్ ఓషన్ ఎక్స్‌పీరియెన్స్’ అని పేరు పెడితే గానీ అమ్మలేకపోయాడు. దాంతోపాటు చెయ్యి పట్టుకోవడానికి ఒక మనిషిని ఉచితంగా ఇస్తానన్నాడు.

“మనిషి లేకుంటనే ఇయ్యి బిడ్డా,” అంది ఆండాలమ్మ.

ఇంటికొచ్చాక అంకుల్‌కు బోణీ దక్కిందన్న సంతోషం ఒకవైపు, పెళ్లాం కొన్నదేమిటో అర్థం కాని బాధ ఒకవైపు. ఊరంతా వస్తువులు కొనుక్కొస్తారు, ఖాళీ కొనుక్కొచ్చింది నువ్వొక్కదానివే అని ఎత్తిపొడిచాడు. నువ్వు తెచ్చినవి పెట్టనీకి జాగ లేకనే కొన్న అంది ఆమె.

దుకాణం తాళాలు నా దగ్గరే పెట్టి వెళ్లారు.

రోజూ ఫోన్ చేసేవాళ్లు. సీవాక్ దగ్గర బీపీ చూసి అంకుల్‌ను వెనక్కి పంపారు. అయ్యో అన్న ఆయన గొంతులో పండగ వినిపించింది. గాలి సరిగ్గా లేదని పారాసెయిలింగ్ ఆగిపోయింది. కానీ ఆ కౌంటరు దగ్గర పొద్దున్నే తానే మొదటి బేరం కావడంతో, ఆ పిల్లవాడి బోణీ చెడకూడదని గవ్వల కీచైన్లు కొన్నాడు, డజను. అద్దం పడవలో చేపలను చూసి, ఒకదానిది రామచిలక పచ్చ అనీ, ఇంకోదానికి అంచు బాగుంది గానీ ఒంటికి నప్పలేదనీ తేల్చాడు. ఫొటోల మనిషి ఇద్దరినీ ఒకరి కళ్లలోకి ఒకరు చూడమన్నాడు. నవ్వు ఆపుకోలేక సగం ఫొటోలు పాడయ్యాయి. ఆయన కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చ ఉందని అప్పుడే చూశానని ఆండాలమ్మ నాకు చెప్పింది. ఇన్నేళ్లూ మడతల మీదే కళ్లున్నాయట.

ఆ ఖాళీ పూట ఏం జరిగిందో కొంత నేను ఫోన్‌లో చూశాను, కొంత వాళ్లు వచ్చాక చెప్పారు.

ఆమె పాత నూలు చీర కట్టుకుని ఒడ్డుకు వచ్చింది. ఆయన నా కాగితం పట్టుకుని వచ్చాడు. నీళ్లు చీలమండ దాకా రాగానే ఆమె మణికట్టు పట్టుకుని ఆపేశాడు. వదలమంది. సైన్సు చదివిన పిల్ల రాసిందన్నాడు. ఆమె ఒక అడుగు వేస్తే ఆయన ఒక అడుగు వెనక్కి గుంజాడు. కాసేపు అట్లా ఒడ్డునే ఇద్దరూ తాడులాట ఆడారు. అల వచ్చినప్పుడల్లా ఆయన పట్టు బిగిసేది. ఆయన చెయ్యి వణుకుతోందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆడబిడ్డలవి బలంతో పట్టుకున్న చేతులు. ఇది అట్లాంటిది కాదు. దీన్ని విదిలించుకోబుద్ధి కాలేదట.

వంగి, కాళ్ల చెప్పులు తీసి, ఒకటి ఆయన కుడిచేతిలో, ఒకటి ఎడమచేతిలో పెట్టింది.

“నన్ను గాదు, గివి పట్టుకో. అలకు కొట్టుకపోతే మళ్ల రూం దాంక ఎట్ల నడుస్త? ఈడనే నిలవడు. నేను ఎన్కకు మల్లి చూస్తే కనవడాలె.”

వస్తువు అప్పజెబితే కాపాడటం వ్యాపారి ధర్మం. ఆయన నిలబడ్డాడు. ఆమె వెళ్లింది.

కాసేపటికి భయం ఆగక, చెప్పులు రెండూ ఒక చేతిలోకి మార్చుకుని నాకు వీడియో కాల్ చేశాడు. నేను ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటోలో ఉన్నాను. ముందు ఆయన గడ్డం కనిపించింది, తర్వాత ఆకాశం, తర్వాత చెప్పులు. తర్వాత చాలా దూరంగా ఆమె వీపు. నీళ్లు నడుము దాకా ఉన్నాయి. దండం పెట్టడం లేదు, మునగడం లేదు, ఒట్టిగా నిలబడి ఉంది. నా కాగితంలో లేని ప్రమాదాలు కూడా నాకు అప్పుడు గుర్తొచ్చాయి. వెనక్కి పిలవండి అంకుల్ అన్నాను.

“ఎట్ల పిలుస్త బిడ్డా, చేతిల చెప్పులున్నయ్,” అన్నాడు.

అప్పుడే ఒక పెద్ద అల వచ్చింది. ఆమె కనిపించలేదు. తెల్లటి నురగ, అందులో నల్లగా కొప్పు. ఆటో హారన్ల మధ్య నేను ఆయన్ని పేరు పెట్టి అరిచానట. ఆయన ముందుకు నడిచాడు, మోకాళ్ల దాకా ప్యాంటు తడిసింది, చెప్పులు మాత్రం తలకంటే ఎత్తున పట్టుకున్నాడు. అల వెనక్కి పోయింది. ఆమె లేచి నిలబడింది. ఎవరూ లేపలేదు. మొహం తుడుచుకుని వెనక్కి తిరిగి, చెప్పులు ఎక్కడున్నాయో చూసి, మళ్లీ సముద్రం వైపు తిరిగింది.

సిగ్నల్ పోయింది.

తిరిగొచ్చాక ఆమె ఎక్కువ చెప్పలేదు. ఉప్పు కళ్లలో మండిందని, మోకాలు ఏమీ అనలేదని చెప్పింది. కుడికాలి ఆపరేషన్‌కు తారీఖు తీసుకుంది. గవ్వల కీచైన్లలో ఒకటి మాకు, తక్కినవి దుకాణంలో చీర కొన్నవాళ్లకు ఉచితం.

తర్వాత ఒకరోజు నల్లా వచ్చి, సంపు నిండి, నీళ్లు పొర్లి గేటు ముందు చిన్న మడుగు కట్టింది. మా పాప అందులోకి పరిగెత్తింది. గల్లీలో నిలిచిన నీళ్లలో ఏమేం బతుకుతాయో రోజూ సూక్ష్మదర్శినిలో చూసేదాన్ని నేను. దూకి దాని రెక్క పట్టుకున్నాను. అది ఏడుపు లంకించుకుంది. అరుగు మీద కూర్చున్న ఆండాలమ్మ నన్ను పిలిచింది. నీళ్లు మంచివేనని ఆమె చెప్పలేదు. భయపడొద్దనీ చెప్పలేదు. ఆమె చెప్పినట్టు చేశాక పాప మడుగులో ఎంతసేపు గెంతిందో, ఇంట్లోకి వెళ్లాక దాని కాళ్లు నేను ఎన్నిసార్లు కడిగానో అడగొద్దు.

ఇప్పుడు పార్కులో జారుడుబల్ల దగ్గరైనా, ఇసుక గుంట దగ్గరైనా రెండు చేతుల్లో రెండు చిన్న చెప్పులు పట్టుకుని కదలకుండా నిలబడుతున్నాను. తక్కిన తల్లులు వింతగా చూస్తారు. ఎవరైనా అడిగితే ఆమె ఆ రోజు అన్నమాటే చెబుతాను.

“నీ చేతులు ఖాళీగుంటే నువ్వు పిల్లను పట్టుకోక ఆగవు. దాని చెప్పులు పట్టుకొని ఆడ నిలవడు, అది ఎన్కకు మల్లి చూస్తే కనవడేటట్టు.”